బల్ల దిగుడు

ఎనుమాముల యార్డు ఆఫీసుల
పంకా కింద కూసున్న సెక్రటరీ పిలగాడు
నా దిక్కు చూడకుంట
ఫోన్ల ఎవలితోనో అన్నడు:
"ఓదెలన్న స్టెప్ డౌన్ అయితే మంచిది."
తెలుగుల అంటే తాకుతదనుకున్నడేమో,
మాటకు ఇంగ్లీషు గుడ్డ సుట్టిండు.

స్టెప్ నాకెరుక.
ఇరవై తొమ్మిదేండ్లు
లారీకి ఆనిచ్చిన బల్ల మీద ఏసిన అడుగే అది.
డౌన్ కూడ ఎరుకే,
పత్తి యార్డుకు రాంగనే రేటుకు అయ్యేది అదే.
రెండు కలిపితేనే
నోట్లె తిరుగలే.
ఒంటి మనిషి లేపని బోరం లెక్క
రెండు మాటలు చెరో మూల పట్టుకొని
నడుమ ఏందో దాసిపెట్టినయి.

రాత్రి రవళి పరీక్ష పుస్తకం ముందటేసుకున్నది.
కారం పోవాలని రెండు సార్లు సబ్బు పెట్టుకొని
పక్కకు పోయి కూసున్న.
"బిడ్డా, స్టెప్ డౌన్ అంటే?"
"దిగుడు, బాపు."
"ఏడికెల్లి?"
"కుర్చీలకెల్లి. పదవిలకెల్లి.
ఎవలన్న గుంజి దించుడు కాదు,
తనంతట తనే దిగుడు."
పెన్ను ఆపి నా మొకం సూసింది.
"ఎందుకు బాపు?"
"ఊకెనే," అన్న.

కుర్చీ.
హమాలీ మేస్త్రీకి కుర్చీ ఏడుంటది?
నాకున్నది ఒక ఇనుప కొక్కెం,
మిర్చి రంగెక్కిన లెక్కల బుక్కు,
పొద్దుగాల ఇరవై ఇద్దరి పేర్లు పిలిచే గొంతు.
ఆ గొంతు గూడ ఈ నడుమ
పదమూడో పేరుకాడ దగ్గుతున్నది.
పోయిన శుక్రారం పదకొండు బస్తాలు లెక్క తప్పిన.
తిరుపతి ఏమనలే,
తన కూలిలకెల్లి కట్టిండు.
నాకు ఆదివారం ఎరుకైంది,
అది గూడ కల్లు కాంపౌండ్ల, వేరేటోని నోట.

నిద్ర రాలే. సమ్మయ్య మామ యాదికొచ్చిండు,
నాకు మొదటి కొక్కెం ఇచ్చినాయన.
బల్ల ఎక్కుడు నేర్పలే.
"అది నీ నడుమే నేర్పుతది" అన్నడు.
దిగుడు నేర్పిండు.
ఉత్త భుజంతోని దిగేటోడు ఉరుకుతడు,
బల్ల ఎగురుతది,
ఎదురుంగ బస్తా ఎత్తుకొని వచ్చేటోని
మోకాలు ఒణుకుతది.
గందుకే, ఓదెలూ,
బరువున్నోనిదే తొవ్వ.
ఉత్తోడు అంచుకు ఒంటి కాలు మీద నిలవడాలె,
లేకుంటే కిందికి దుంకాలె.

ఇంగ్లీషుల ఆ మాట పుట్టించినోడు
ఎన్నడో ఒకనాడు బల్ల ఎక్కే ఉంటడు.
సెక్రటరీ పిలగాడు మాత్రం ఎక్కలే,
గది సూస్తనే తెలుస్తది.

పొద్దుగాల యార్డుల మిర్చి ఘాటు,
మొదటి తుమ్ము ఎప్పటి లెక్కనే నాది.
బుక్కు తిరుపతి చేతుల పెట్టిన.
"నువ్వు పిలువు" అన్న.
వాడు అటు ఇటు సూసిండు,
ఎవలన్న నవ్వుతున్నరా అని.
తొందర తొందరగ పిలిచిండు,
దొంగతనం చేస్తున్నట్టు.
పదమూడో పేరు దగ్గు లేకుంట దాటింది.
ఇరవై రెండు అయినయి. బుక్కు మూస్తడనుకున్న.
మూయలే.
పేజీ అడుగున, గీత కింద,
పెన్సిల్తోని కొత్తగ ఒకటి రాసుకొని
"ఓదెలన్న" అన్నడు.

ఇన్నేండ్లల్ల నా పేరు నేను పిలుసుకోలే.
హాజరు ఎట్ల చెప్పాల్నో సమజ్ గాలే.
చెయ్యి లేపిన.
కొక్కెం ఆ చేతులనే ఉండె.