పద్దెనిమిది పాయింట్ ఏడు

మక్వాలా చేతిలో నరం దొరకదు.
జూలైలోనూ ఉన్ని చొక్కా, ఏటి రాళ్లలాంటి వేళ్లు.
మూడోసారి సూది దిగాక
నెమ్మదిగా, అయిష్టంగా వచ్చింది నెత్తురు.
"దానికీ నా బద్ధకమే" అంది.

నేను ల్యాబు మనిషిని.
గొట్టం మీద పేరు రాయడం, మూత బిగించడం,
ఐసు డబ్బాలో సర్ది జుగ్దిది వెళ్లే వ్యానెక్కించడం నా పని.
బంగాళాదుంప బస్తాల మధ్య, ఎవరిదో మేకపిల్ల పక్కన
ఎంగురి నది వెంట నాలుగు గంటలు
కొండ దిగిపోయింది ఆమె అలసట.

అయిదో రోజుకి కాగితం వచ్చింది.
టి.ఎస్.హెచ్. 18.7. పక్కన చిన్న బాణం, పైకి.
దారిలో కొండచరియ విరిగి డాక్టరమ్మ కిందే చిక్కుకుంది.
మక్వాలా బెంచీ మీద కూర్చుని
బాణాన్ని వేలితో తడిమి చూసింది, గుచ్చుకుంటుందేమో అన్నట్టు.
"నాలుగు దాటకూడదని రాసుంది. నాకు పద్దెనిమిది.
అంటే నా థైరాయిడ్ విరగబడి పనిచేస్తోందా?
మరి నేనెందుకు పొయ్యి పక్కన పిల్లిలా పడుంటున్నాను?"

నేను చెప్పకూడదు. చెప్పాను.

ఈ అంకె నీ థైరాయిడ్‌ది కాదు మక్వాలా,
దాన్ని పిలిచేదానిది.
మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఒకటి
పొద్దస్తమానం కిందికి కేకేస్తుంటుంది, పని చెయ్యి, పని చెయ్యి అని.
గొంతులో కూర్చున్నది వింటే
మెల్లగా పిలిచినా చాలు.
వినకపోతే గొంతెత్తాలి. ఇంకా వినకపోతే

"బిద్జినా!" అంది ఠక్కున.

ఆమె మొగుడు. రంపపు మిల్లులో ముప్పై ఏళ్లు.
ఎడమ చెవి మొత్తం పోయింది, కుడిది సగం.
అన్నానికి పిలిస్తే
రెండో కేకకి కోళ్లు చెదురుతాయి,
మూడో కేకకి అవతలి గట్టు మీద కుక్కలు లేస్తాయి,
ఆయన లేవడు.
చెవిటివాడి ముందు శంఖమే.
కానీ శంఖం ఎంత గట్టిగా మోగుతోందో చూస్తే
చెవుడు ఎంతో తెలిసిపోతుంది కదా.

అదే, అన్నాను. మేం కొలిచింది అరుపుని.
కింది వరసలో టి4 ఉంది చూడు, అది జవాబు.
దాని పక్కన బాణం కిందికి ఉంది.

చాలాసేపు మాట్లాడలేదు.
కిటికీలో రాతి బురుజు మీద ఎండ ఒక వరస దిగింది.
"మా అత్త నన్ను సోమరి అంది. నేనూ ఒప్పుకున్నాను" అంది.
తర్వాత, కాగితంతోనే మాట్లాడుతున్నట్టు:
"సోమరినైతే
లోపల ఇంతసేపు పట్టు విడవకుండా పిలుస్తారా ఎవరైనా?"

మా ముత్తవ్వ ఫొటో ఒకటుంది ఇంట్లో.
గడ్డం దాకా రుమాలు కట్టి, బిగదీసి.
రుమాలు కింద ఉన్నదేమిటో ఊళ్లో అందరికీ తెలుసు,
అందరికీ అలాంటి రుమాళ్లే.
అప్పటి మా ఉప్పులో అయోడిన్ లేదు.
జవాబు చెప్పడానికి సరుకు లేని గొంతు
అరుపులు మింగి మింగి అంత పెరిగింది.
ఆమె నెత్తురు ఎవరూ తీయలేదు.
అంకె లేకుండానే పోయింది.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి మాత్ర రాసింది.
తెల్లారగానే, నీళ్లతో, కాఫీ కంటే ముందు.
కాఫీ మాట దగ్గర కాస్త గొడవ జరిగింది.

ఆరు వారాలకి 6.2.
"ఇంకా అరుస్తూనే ఉంది" అంది మక్వాలా, మొహం ముడుచుకుని.
మాత్ర కొంచెం పెంచారు.
జుట్టు రాలడం ఆగలేదు. జున్ను ముద్దలో ఒక వెంట్రుక కనిపించి
బేరగాడు మొత్తం తిరిగిచ్చేశాడట.
అంకె దిగినంత తొందరగా ఒళ్లు దిగిరాదు,
ఆ సంగతి ఏ గడిలోనూ అచ్చువేయరు.

ఇవాళ చీకటి పడ్డాక ల్యాబుకి తాళం వేస్తుంటే
వంతెన అవతలి నుంచి వినిపించింది,
"బిద్జినా!"

ఒకసారే.
తాళంచెవి పట్టుకుని రెండోదాని కోసం నిలబడ్డాను.
రాలేదు.
ఆయన విన్నాడో, ఆమె అలిసిపోయిందో.
పిలుపు ఒక్కటే కొలిస్తే
ఆ తేడా తెలియదు.