హాజరు

నేరేడుచర్ల హైస్కూల్ల పొద్దుగాలనే లొల్లి:
ప్రేయర్‌ల ఎవరి దేవుని పాట పాడాలె?
కమిటీ మెంబర్లు కుర్చీలు జరుపుకుంటున్నరు,
పెద్దసారు చాయ్ మీద మీగడ కట్టింది.

బయట ఎండల లైన్లు.
రేణుక చేతులు జోడియ్యలే, కండ్లు మూయలే.
చెప్పుల్లేని తమ్ముని కాళ్లు చూస్తుంది,
తన నీడలకు జరగమని
సైగ చేస్తుంది.
నేను అది చూడనట్టు హాజరు తీస్తున్న.

"సైదులు."
"ఉన్న సార్."
నొసట మల్లన్న బండారి.
పేరు మాత్రం
జాన్‌పహాడ్ దర్గా కాడ
వాళ్లమ్మ కందూరు చేసి తెచ్చుకున్నది.

లోపల చేతులెత్తి లెక్కబెడుతున్నరు.
ఈ పేరును ఎటుదిక్కు ఏస్తరో
అడుగుదామనుకున్న. అడగలే.
నౌకరి.

ఆఖరికి యాదమ్మ
ఎవర్నడగకుండ బెల్లు కొట్టింది.
ఎవరి మొక్కు వాళ్ల నోట్లనే ఉండంగ
పిల్లలు లెక్కల క్లాసుకు ఉరికిండ్రు.