పదిహేను కిలోలు

మా స్టోర్సులో ఇత్తడి తుక్కు తూచే కాటా మీద
ఇలియాస్ సూట్‌కేసు నిలబెట్టాను.
పదహారు కిలోల నాలుగు వందలు.
"ఒక ప్యాంటు తీసెయ్యి" అన్నాను.
"స్పానర్ తీస్తా మేడమ్,
ప్యాంటు లేకుండా పోతే క్లయింటు ఊరుకోడు."
చివరికి స్వెటర్ తీసి ఒంటికి తొడుక్కున్నాడు,
బాలానగర్‌లో, మే నెలలో.

ఆ కిలో నాలుగొందలకి విమానం వాళ్లు అడిగేది
మా హెల్పర్ పెంటయ్య రెండు రోజుల కూలి.

పదకొండేళ్లుగా ఇదే నా పని.
మాత్రలు నొక్కే మిషన్లకి అచ్చులు చేస్తాం మేం.
అవి ఎక్కడో బద్దీలోనో వాపీలోనో మొరాయిస్తే
మనిషిని గాల్లో పంపాలి.
తక్కువలో పంపాలి.

మంగళవారం అర్ధరాత్రి కొంటే చవకని ఎవరో చెప్పారు.
పన్నెండు మంగళవారాలు మేలుకుని చూశాను,
కళ్లజోడు నంబరు మాత్రం పెరిగింది.
మూడు వారాల ముందు కొంటే సగం ధర, ఇది నిజం.
కానీ ఏ మిషనూ మూడు వారాల ముందు
కబురుపెట్టి చెడిపోదు కదా.

అందుకని నేను కోసేవి వేరే ఉన్నాయి.
కిటికీ సీటు. భోజనం. ఎయిర్‌పోర్టుకి కారు.
పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేవాడికి
హోటల్లో గదెందుకు?
తెల్లవారుజామున నాలుగూ యాభైకి లేచే విమానం
ఎప్పుడు చూసినా పద్దెనిమిది వందలు తక్కువ.
దాని కోసం ఇలియాస్ పన్నెండున్నరకే
జేఎన్‌టీయూ దగ్గర పుష్పక్ బస్సెక్కి,
శంషాబాద్‌లో ఇనుప కుర్చీ మీద కూర్చుని
ఇంటి నుంచి తెచ్చుకున్న ఖీమా రొట్టె తింటాడు.
అక్కడి ఇడ్లీ ఖరీదుకి
మా మూసాపేటలో నలుగురం తిని టీ కూడా తాగొచ్చు.

మార్చి ఆఖరున ధనుంజయ గారు
నా లెక్క చూసి మురిసిపోయారు.
నాలుగు లక్షల పన్నెండు వేలు మిగిల్చానట.
అరకిలో మైసూర్‌పాక్ ఇచ్చారు.
ఆడిటర్ కుర్రాడు మాత్రం పెన్ను కొరుకుతూ
"ఈ మిగులు ఎక్కణ్ణుంచి వచ్చింది మేడమ్?" అన్నాడు.
ప్రయాణాల పద్దు, అన్నాను.
అది కాదు వాడడిగింది అని
ఇంటికెళ్లి పప్పు తాలింపు వేస్తుంటే అనిపించింది.

జూన్‌లో నేనే వెళ్లాల్సి వచ్చింది, అహ్మదాబాద్‌కి,
రానిబాకీల సంగతి తేల్చుకోడానికి.
నాకూ అదే విమానం కొట్టుకున్నాను.
రూలంటే రూలే.
బస్సు డ్రైవరు నా సంచి మీద కంపెనీ పేరు చూసి
"స్వెటర్ సార్ మీవాళ్లేనా?" అన్నాడు.
"పాపం, కూసోంగనే నిద్రపోతడమ్మా.
ప్రతిసారి నేనే లేపుత.
ఒకసారి లేపబుద్ధి కాలే,
ఇంకో అయిదు నిమిషాలు పండనిచ్చిన."

విమానంలో నాది నడిమి సీటు.
సూర్యుడు పక్కావిడ వైపు ఉదయించాడు.
ఆవిడ రెక్క మూసేసింది.

తిరిగొచ్చాక చండీగఢ్‌కి ఇలియాస్ టికెట్
తొమ్మిదీ పదికి కొట్టాను.
'అధిక వ్యయానికి కారణం' అనే గడి నింపకపోతే
కంప్యూటర్ ముందుకు కదలదు.
నిద్ర, అని టైపు చేశాను.
చాలాసేపు చూశాను ఆ రెండక్షరాలని.
చెరిపేసి, సాంకేతిక అవసరం, అని పెట్టాను.
ధనుంజయ గారు చూడకుండానే సంతకం చేశారు.

సాయంత్రం ఇలియాస్ కంగారుగా వచ్చాడు.
"మేడమ్, తప్పు టికెట్ పడింది.
పద్దెనిమిది వందలు ఎక్కువైంది,
మార్చేద్దామా, ఇంకా టైముంది."
ఆ చేతిలో సూట్‌కేసు, ఈ చేతిలో స్వెటర్,
తొడుక్కోమంటే తొడుక్కునేలా.

అలవాటుగా కాటా మీద పెట్టాడు.
ముల్లు కాసేపు ఊగి
ఎక్కడో ఒకచోట ఆగింది.
నేను చూడలేదు.