తమ్మె దాకా

తమ్మె దాకానే మన హద్దు.
నిమ్మముల్లు చేతికిస్తూ మా అయ్య చెప్పిన మాట అది.
పైన మెత్తెముకరా, దానికి నెత్తురు తక్కువ,
దెబ్బ తగిలితే ఆదుకునే దిక్కుండదు అనేవాడు.

పర్లాకిమిడి బజారు సందులో
మూడు తరాల కుంపటి మాది.
కేదారి ఫోనులో బొమ్మ చూపించింది,
చెవి పైఅంచున మెరిసే చిన్న రాయి.
"ఇక్కడ కుట్టీ తాతా, ఎల్లుండి కాలేజీలో ఫంక్షను."
నూట యాభై రూపాయలు.
బరంపురం నించి తెచ్చిన పిస్తోలుంది నా దగ్గర.
ఆ రోజు స్పిరిట్ సీసా అడుగంటింది.
పంచె చెంగుతో తుడిచాను.
ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

టప్పుమంది. నవ్వింది పిల్ల.

నాలుగో రోజుకి చెవి వంకాయ రంగు.
వాళ్ళమ్మ పసుపు నూరి పట్టించింది,
వేపాకు కాచి పోసింది.
ఆరో రోజుకి దువ్వెన తగిలినా కేక.
ఏడో రాత్రి ఒళ్ళు కాలిపోతూ
లెక్కల పాఠం ఒడియాలో అప్పజెబుతూంటే
ఆటోలో నేనూ ఎక్కాను, ఎవరూ రమ్మనకపోయినా.

బరంపురం పెద్దాసుపత్రిలో డాక్టరు
చెవి చూసి "పూజొ" అన్నాడు.
టెక్కలి నించి కోడలై వచ్చిన తల్లి
ఇరవై ఏళ్ళయినా ఆ మాట వినలేదేమో,
రెండు చేతులూ జోడించింది.
చీము, అని నేను చెప్పాల్సొచ్చింది.
ఆ చేతులు విడిపోడానికి చాలాసేపు పట్టింది.

కోశారు. లోపలి మెత్తెముక కరిగిపోయిందట,
తీసేశారు.
నెత్తురులోకీ పాకిందని పదకొండు రోజులు సెలైను.
కరగడమంటే నాకు తెలుసనుకునేవాణ్ణి.
బంగారమైతే మళ్ళీ అచ్చులో పోస్తే నిలబడుతుంది.

దసరా వెళ్ళాక కొట్టుకొచ్చింది.
జుట్టు అటువైపుకి వదిలేసింది.
కుంపటి ఊదుతున్నట్టు నటించాను.
తిట్టడానికే అనుకున్నాను,
తిడితే బావుణ్ణనుకున్నాను.
కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.
"ఈ చెవి మీద నిలవట్లేదు తాతా, జారిపోతంది.
బోర్డు కనపడట్లేదు.
ఏదైనా తీగ కట్టి వంచగలవేటి?"

సన్న రాగితీగ తీశాను.
కొలత కోసం జుట్టు పక్కకి తొలగించింది.
ఎండి ముడుచుకున్న తమలపాకు.
కింద తమ్మె మాత్రం అలాగే ఉంది,
మూడో ఏట నేను కుట్టిన బెజ్జంతో.

చెయ్యి చాపాను.
తల వెనక్కి తీసుకుంది,
కోపంగా కాదు.

"ముందు చేతులు కడుక్కో తాతా."