గేటరు

మూడు నెలలకే పగిలింది.
ముందు పక్కల మీద వెంట్రుకల్లాంటి గీతలు,
తరవాత గోరు దూరేంత,
ఇవాళ పెనుగొండ దాటాక
ట్యూబు ఎర్రగా బయటికి చూసింది,
పళ్లు రాని పిల్లాడి చిగుళ్లలా.

వెనక కారియర్ మీద మూడు వందల అరవై బాతుగుడ్లు,
ఊక పోసిన రెండు బుట్టల్లో.
గూడూరు నుంచి మందని తోలుకొచ్చిన పెంచలయ్య
కోసిన దాళవా చేలో, గుడారం ముందు,
లాంతరు వెలుగులో లెక్కపెట్టి ఇచ్చినవి.
"ఎండెక్కకముందే బిన్నా పో అబ్బయా" అన్నాడు.

ఈ టైరు కొన్నరోజు గుర్తుంది.
మార్టేరు సెంటర్లో ఏసుపాదం కొట్లో
రెండు వేలాడుతున్నాయి పక్కపక్కన.
ఒకటి నాలుగొందల ఎనభై.
ఒకటి నూట తొంభై.
రెండూ నలుపే, రెండూ గుండ్రమే.
"తేడా ఏటండీ?" అన్నాను.
ఏసుపాదం నిజం చెప్పే మనిషి,
అదే అతని వ్యాపారానికి చేటు.
"ఇప్పుడు కనపడదండి. ఎండాకాలం కనపడద్ది."
జేబులో రెండొందల ముప్ఫై.
మిగిలిన నలభైతో పెసరట్టు తిని, టీ తాగి
గెలిచినవాడిలా తొక్కుకుంటూ వచ్చాను.

ఈ ఏడు ఇది మూడోది.
మూడు నూటతొంభైలు ఎంతో
మా సుభద్ర కాగితం లేకుండానే చెప్పేసింది.
"అయిదొందల డెబ్బై నాన్నా.
మంచిది కొన్నదానికన్నా తొంభై ఎక్కువే పెట్టావు."
పెట్టానమ్మా.
కానీ నా చేతిలో
నాలుగొందల ఎనభై ఒకేసారి
ఒక్క రాత్రయినా నిద్రపోలేదు.
ఈ లెక్క మీ పుస్తకంలో
ఏ పాఠంలో ఉందో చూసి చెప్పు.

కాలవ కట్టేసిన నెల ఇది.
గట్టుకి అటూ ఇటూ చేలు బీటలిచ్చి ఉన్నాయి,
చెయ్యి పెడితే మోచేతి దాకా పోతుంది.
టైరూ అలాగే ఉందని ఎవరైనా అనేస్తారు.
కాదు.
లాకులు ఎత్తిన రోజు
ఈ నల్లమట్టి రాత్రికి రాత్రి పెదాలు మూసుకుంటుంది,
ఎవర్నీ ఏమీ అడగనట్టు.
రబ్బరుకి ఆ విద్య రాదు.
తడిస్తే ఇంకా విచ్చుకుంటుంది.

మైలున్నర నెట్టుకుంటూ వచ్చాను
రొయ్యల చెరువు మలుపులో కాసుబాబు పాక దాకా.
టైరు వంక చూసి అతనేమీ అనలేదు.
పంక్చర్లు వేసేవాళ్లలో అంత మర్యాద
నేనింకెక్కడా ఎరగను.
మూల పడున్న పాత టైరులోంచి
అరచేయంత ముక్క కోశాడు, ఎవరి సైకిలుదో, ఏ కాలందో.
అంచులు కత్తితో పల్చగా చెక్కి
లోపల గేటరు పెట్టాడు.
"గాలి కాస్త తక్కువే కొట్టానండి, దాని ప్రాణం అంతే.
ఎండలో నిలబెట్టకండి.
కిరసనాయిలుతో తుడవకండి,
మెరుస్తాది గానీ తినేస్తాది."
పది రూపాయలూ, రెండు గుడ్లూ తీసుకున్నాడు.

అప్పట్నుంచి చక్రం తిరిగినప్పుడల్లా ఒక ఎత్తు.
దడ్.
దానెనక కాస్త నున్నటి దారి.
దడ్.
ప్రతి దడ్‌కీ నా వెనక
మూడు వందల యాభై ఎనిమిది పల్చటి గోడలు.
ఆ ఎత్తు వచ్చే క్షణానికి
సీటు మీంచి బెత్తెడు లేస్తాను.
ఆచంట చేరేలోపు మోకాళ్లు నేర్చేసుకున్నాయి.

నేను సందు మొదట్లో ఉండగానే
కర్రీ పాయింట్ వీరవేణమ్మ
పొయ్యి మీద నీళ్లు పెట్టేసింది.
"బెల్లు కొట్టలేదు కదా!"
"బెల్లెందుకు? కుంటిమేక పరిగెట్టినట్టు
నీ చక్రం వినపడతాంది."
ఊకలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసి
చెవి దగ్గర ఆడించి చూసింది.
నాలుగు చిట్లాయి.
"వీటికి డబ్బులివ్వను, అట్టేసి పెడతాను, తిని వెళ్లు."
తిన్నాను. ఉప్పెక్కువైంది. అననులే.

తిరుగుదారిలో బుట్టలు ఖాళీ,
ఊక మాత్రం గాలికి కాస్త కాస్త ఎగురుతోంది.
పగలడానికి వెనక ఏమీ లేదు.
అయినా
ఆ ఎత్తు దగ్గర
సీటు మీంచి
లేస్తూనే ఉన్నాను.