కాటా ముల్లు

యాడో పోలండంట, యాడో జర్మనీ అంట.
ఆదోని మార్కెట్లో పత్తి తూకమేస్తా
మా నాయన ఉసేనప్ప అంటాండె:
"మనం కాటా ముల్లు రా,
ఏ పక్కకీ వాలగూడదు."

మొదట సూదులు కరువాయె.
తుమ్మ ముల్లుతో మాయమ్మ గోనెలు కుట్టె.
కిరసనాయిలు బుడ్డి సగానికొచ్చె.
ఇది యుద్ధం గాదులే, ధరలే అనుకుంటిమి.

శెట్టి బేళ్ల మింద బాణం గుర్తు అచ్చేపిచ్చె.
యాడికి పోతాయని మేం అడగల్యా.
కూలి బేడ పెరిగె,
ఆ ఐతారం ఇంట్లో బోటీ ఉడికె,
వాసన ఈది మలుపు దాకా.

స్టేషన్ కాడ డేరా ఏసినారు.
"బూట్లిస్తారంట నాయనా,"
అనె మాయన్న మౌలాలి.
వాని మడిమల పగుళ్లు సూసి
నాయన నోరు మెదపల్యా.

డేరాలో వాన్ని కాటా మింద నిలబెట్టిరి.
తూకం సాలల్యా, సేరు తక్కువ.
రేపు రమ్మనిరి.

తెల్లారి, ముప్పై ఏండ్లు
పత్తిగింజంత మోసం చేయని మా నాయన
వానికి సెంబు మింద సెంబు
నీళ్లు తాగించె.
"ఒంటికి పోవాకు, బిగబట్టుకో" అనె.

ముల్లు వాలె.
నాయన బయటే నిలబడిండె,
డేరా తాడు పట్టుకొని.