సగం సీసా

తిన్నగా పోయినంతసేపూ బుద్ధిమంతురాలే.
సరుకుల కొట్టు ముందు స్టీరింగు పూర్తిగా తిప్పామా,
వెనక ఇరుసులో ఎవరో చెక్కబల్లని
గచ్చుమీద ఈడ్చుకుపోతున్నట్టు
గడగడ, గడగడ.
రొట్టెల సంచులతో నిలబడ్డవాళ్ళు తిరిగి చూస్తారు.

లెంపి హాతయా పట్టించుకోదు.
పదహారేళ్ళుగా కాల్యుమెట్ వీధుల్లో
మంచు తోస్తున్న ట్రక్కు అది.
గొణక్కుండా ఏ పని జరిగింది గనక, అంటుంది.

పట్టించుకున్నది ఆమె మరిది తైస్తో.
పక్కగదిలో ఫోను మోగితే వినపడదు గానీ
ఆ ఇరుసు గొణుగుడు
రెండు వీధుల అవతల్నించి వింటాడు.

నవంబరు శనివారం, షెడ్డులో
అట్టముక్క పరుచుకుని కిందికి దూరాడు.
టార్చి పట్టుకునే పని నాది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు.
పది బోల్టులూ విప్పాక మూత సందులోంచి
నల్లటి నూనె,
మురిగిన కోడిగుడ్డు వాసనతో బేసినులోకి జారింది.
అయస్కాంతం మీద మెత్తగా, కాటుకలా, ఇనుప పొడి.
వేళ్ళమధ్య రుద్ది చూసి
"పళ్ళు గట్టివే, నోరే మంచిది కాదు" అన్నాడు.

అడక్కపోయినా చెప్పాడు.
మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి,
లోపలిది తక్కువ.
రెంటి మధ్యా ఒత్తుగా పేర్చిన పలకలు
ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి,
ఒకటి మంచులో జారితే రెండోది లాగాలిగా, అందుకు.
పట్టు మంచిదే.
మెల్లగా వదలడమే రాదు వాటికి.
పట్టి, విడిచి, మళ్ళీ పట్టి, మళ్ళీ విడిచి,
ఎడ్డెమంటే తెడ్డెమంటూ,
అదీ ఈ గోలంతా.
ఈ చిన్న సీసాలోది ఆ మర్యాద నేర్పుతుందట.

పూర్వం ఇందులో
తిమింగలం నూనె పోసేవాళ్ళట.
ఉప్పునీళ్ళకి వెయ్యి మైళ్ళ దూరాన,
సరస్సు ఒడ్డున ఈ ఊళ్ళో
ఓ ట్రక్కు గప్‌చుప్‌గా మలుపు తిరగడానికి
అక్కడెక్కడో అంత జంతువు...
టార్చి పక్కకి పోయింది. తిట్టాడు.

"సగం చాలు" గుమ్మంలోంచి లెంపి.
అతను మొత్తం పోశాడు,
సీసా అడుగు తట్టి మరీ.

ఆదివారం సాయంత్రం, చర్చి ముందు ఖాళీ స్థలంలో
ఎనిమిది అంకెలు వేశాం ట్రక్కుతో.
కుడికి పది, ఎడమకి పది.
పలకల మధ్యకి నూనె చేరాలంటే అదే దారట.
ఆరో అంకెకి గొణుగుడు సన్నబడింది.
పదిహేనోదానికి లేదు.
తైస్తో అద్దం దించి,
చలిలో చెవి బయటపెట్టి విన్నాడు,
ఏమీ వినపడని ఆనందంతో.

ఫిబ్రవరి. తెల్లవారుజాము అయిదు.
పాత గని దగ్గరి వాలు మీద, ముందు నాగలి నిండా మంచు.
ఎడమ చక్రం గిర్రున తిరిగింది, పొడి చిమ్ముతూ.
కుడిది
చుట్టపుచూపుగా వచ్చినట్టు నిలబడింది.
పలకలు ఒకదాన్నొకటి అసలు పట్టుకుంటేగా!
లెంపి ఏమీ అనలేదు.
దిగి, పొయ్యి బూడిద సంచీ విప్పి
చక్రం కింద గుప్పెళ్ళతో చల్లింది.
ఆ ఏమీ అనకపోవడం
ఇరుసు గొణుగుడు కన్నా ఎక్కువ దూరం వినపడి ఉంటుంది తైస్తోకి.

మార్చిలో మళ్ళీ అట్టముక్క, మళ్ళీ పది బోల్టులు,
కొత్త నూనె, కొత్త సీసా.
ఈసారి పోసింది లెంపి,
దగ్గుమందు కొలిచే బుల్లి కప్పుతో.
ఒక కప్పు, చర్చి దాకా ఒక చుట్టు.
ఇంకో కప్పు, ఇంకో చుట్టు.
మూడోదానికి
మలుపు చివర ఒక్క 'గర్ర్' మాత్రం మిగిలింది,
నిద్రలో పక్కకి తిరిగే మనిషి మూలుగంత.

"ఇంకొంచెం?" అన్నాడు తైస్తో.
"ఉండనీ. పట్టుకునే ఉన్నాయని తెలియాలిగా."

మిగిలిన సీసా షెడ్డు కిటికీలో ఉంది,
రంగు డబ్బాల పక్కన.
దానిమీద పెన్సిలుతో లెంపి గీసిన గీత.
తైస్తో రోజూ ఆ గీత వంక చూస్తాడు.
ముట్టుకోడు.